అత్తగారి రక్తమే కొలబద్ద

ఆ వీధిలో ఆ ఇంటిని సూదుల ఇల్లు అనేవారు. అత్తగారిది బట్టలు కుట్టే సూది, కోడలిది రక్తం తీసే సూది. టేపు చేతిలో లేకపోయినా మనిషిని ఒకసారి ఎగాదిగా చూసి నడుమెంత, భుజమెంత చెప్పేస్తుంది కాబట్టి అత్తగారికి కొలతలమ్మ అని పేరు పడింది. కోడలు వీధి చివర ల్యాబులో టెక్నీషియను. వీధిలో సగంమందిని ముఖం కన్నా ముందు మోచేతి నరం చూసి గుర్తుపట్టగలదు. ఆమెను సూదమ్మ అనేవారు. ఈ ఇద్దరి మధ్యా ఒక మగవాడున్నాడు. కొలతలమ్మకు కొడుకు, సూదమ్మకు మొగుడు. సిటీ బస్సు డ్రైవరు. ఎంత ఇరుకు సందులోనైనా బస్సుకు గీత పడకుండా తిప్పేస్తాడు గానీ, సూదిని చూస్తే కళ్ళు తేలేస్తాడు.

అందుకే ల్యాబులో ఆ పని కొడుక్కు కాకుండా తల్లి నెత్తిన పడింది.

పనేమిటంటే, రక్తపరీక్షకు కలిపే ద్రావణాలు డబ్బాల్లో వస్తాయి. పాత డబ్బా అయిపోయి కొత్తది విప్పినప్పుడల్లా, అది సరిగ్గా చెబుతోందో లేదో చూసుకున్నాకే జనం రక్తం దాంట్లో వెయ్యాలి. ఇంత చూపించాలి అని ముందే తేల్చిన సీరం, అంటే రక్తంలోంచి తీసిన తేట, ఒకటి చిన్న సీసాలో పోసి కంపెనీవాళ్ళే పంపుతారు. ల్యాబు నడిపే డాక్టరమ్మకు ఆ సీసా ఒక్కటీ చాలదు. "సీసాతో పాటు మనకు బాగా తెలిసిన ఆరోగ్యమైన మనిషి రక్తం కూడా వేసి చూడు" అనేది ఆమె పెట్టిన పద్ధతి.

దానికి కొలతలమ్మ అచ్చంగా సరిపోయింది. యాభై దాటినా సుగరు లేదు, బీపీ లేదు, ఏ పరీక్ష చేసినా ఎప్పుడూ ఒకటే తీరు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అని ఒకటుంది, కాలేయం నుంచీ ఎముకల నుంచీ రక్తంలోకి చేరే పదార్థం. అది ఆవిడకు ఎప్పుడు చూసినా ఎనభైకి అటో ఇటో. గోడకు కొట్టిన మేకులా ఆ అంకె అక్కడే ఉండేది.

ఈ సంగతి వీధంతటికీ తెలుసు. చెప్పింది ఆవిడే. "ఊళ్ళో రక్తాలన్నీ నా రక్తాన్ని చూసే దిద్దుకుంటాయమ్మా" అని బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళందరి చెవిలో వేసేది. కొత్త డబ్బా విప్పే రోజున నున్నగా తల దువ్వుకుని, ఇస్త్రీ బట్టలు వేసుకుని, రిబ్బను కత్తిరించడానికి వచ్చిన పెద్దమనిషిలా ల్యాబు మెట్లెక్కేది.

"ఏ చెయ్యి అత్తయ్యా?"

"కిందటిసారి కుడిది పనిచేసింది, దానికి సెలవు. ఇవాళ ఎడమది."

"పిడికిలి బిగించండి."

"నువ్వు కాపురానికొచ్చినప్పటినుంచీ బిగించుకునే ఉన్నాను. తియ్."

సూదమ్మ నవ్వు ఆపుకుంటూ సూది దించేది. ఇదీ వాళ్ళ వరస.

ఆ రోజు విప్పింది ఫాస్ఫటేజ్ డబ్బానే. రంగులేని ద్రావణంలో సీరం కలిపితే పసుపు తిరుగుతుంది. పసుపు ఎంత ముదిరితే అంకె అంత పెద్దది. అత్తగారి గొట్టం ఎప్పుడూ నిమ్మతొక్క రంగు దగ్గర ఆగేది. ఆ రోజు ఆగలేదు. సూదమ్మ చూస్తుండగానే గుమ్మడిపువ్వు రంగుకు తిరిగింది. మిషను రెండొందల పైమాట చూపించింది. మళ్ళీ కలిపింది. మళ్ళీ గుమ్మడిపువ్వే.

"డబ్బా చెడిపోయింది" అంది సూదమ్మ.

నిజానికి కంపెనీ సీసా వేస్తే అంకె ఉండవలసిన చోటే ఉంది. అక్కడ ఆగి ఆలోచించవలసింది. కానీ సూదమ్మకు సీసా మీదకన్నా అత్తగారి మీద నమ్మకమెక్కువ. వెంటనే కిట్లాయనకు ఫోను కొట్టింది. కిట్లాయనంటే డబ్బాలు సరఫరా చేసే మనిషి. బట్టతల, భుజాన ఐసు సంచీ, ఎప్పుడూ అరిగిన కాలరు.

"అమ్మా, ఇదే సరుకు మీద ఇంకా బోలెడు ల్యాబులు నడుస్తున్నాయి. ఒక్కరూ కిక్కురుమనలేదు" అన్నాడాయన.

"వాళ్ళకు మా అత్తయ్య లేదు."

"సీసా ఏం చెప్పింది?"

"సరిగ్గానే చెప్పింది."

"మరింకేంటమ్మా?"

"సీసా కూడా మీ కంపెనీదే కదా. మీ మాటే మాట్లాడుతుంది."

ఆయన నెత్తి తడుముకుని, ఇంకో బ్యాచీ డబ్బా తెచ్చిచ్చాడు. సూదమ్మ మళ్ళీ అత్తగారిని పిలిచి, మళ్ళీ రక్తం తీసి, మళ్ళీ కలిపింది. అదే రంగు. ఈసారి కొలతలమ్మే ముందుకొచ్చింది.

"ఏమయ్యా, నా రక్తానికే వంక పెడతావా? నీ కాలరు చూస్తేనే తెలుస్తోంది నీ సరుకు ఏపాటిదో."

"అమ్మా, కాలరుకీ సరుకుకీ సంబంధమేంటమ్మా?"

"కాలరు అరిగితే తిప్పి కుట్టించుకోవాలని తెలియనివాడు, డబ్బా చల్లగా ఉంచాలని మాత్రం తెలుసుకుంటాడా?"

కిట్లాయన సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగాడు. అత్తాకోడళ్ళు ఒకరినొకరు చూసుకుని గెలిచినట్టు నవ్వుకున్నారు. సూదమ్మ ఆ పరీక్షకు వచ్చినవాళ్ళ నమూనాలను పక్క ల్యాబుకు పంపుతూ, డబ్బాలను ఫ్రిజ్‌లో ఓ మూల శిక్షకు నిలబెట్టింది.

సెలవు నుంచి తిరిగొచ్చిన డాక్టరమ్మ కోటైనా తొడుక్కోకుండా ఆ డబ్బాల సంగతి అడిగింది. సూదమ్మ కథంతా చెప్పింది, కిట్లాయన కాలరుతో సహా. డాక్టరమ్మ నవ్వలేదు.

"రెండు బ్యాచీలు. సీసా రెండుసార్లూ సరిగ్గా చెప్పింది. ఇంకెవరి రక్తమైనా వేసి చూశావా?"

"లేదు మేడమ్."

"ఎందుకని?"

ఎందుకంటే సూదమ్మకు ఆ ఆలోచనే రాలేదు. తూకంరాయినే తూచాలని ఎవరికి తోస్తుంది?

"నాది తియ్యి, నీది తియ్యి. మీ ఆయన్ని కూడా పిలు" అంది డాక్టరమ్మ.

డ్యూటీ దిగి ఇంటికి పోతున్న డ్రైవరును పెళ్ళాం ల్యాబులోకి పిలిచింది. కుర్చీ చూడగానే ఆయనకు విషయం అర్థమైంది.

"ఏవండీ, ఒక్క చుక్క."

"నీ చుక్కలు నాకు తెలుసు. బిందెడు తోడతావు."

"కళ్ళు మూసుకోండి."

"మూసుకున్నా. గుచ్చావా? చెప్పి గుచ్చు. వద్దులే, చెప్పకుండానే గుచ్చు."

"అయిపోయింది, లేవండి."

"అయిపోతే మంచిదే. ఇంకాసేపు ఇలాగే పడుకుంటా."

మూడు గొట్టాలు వరసగా పెట్టింది. డాక్టరమ్మది నిమ్మతొక్క. తనది నిమ్మతొక్క. మొగుడిది కూడా నిమ్మతొక్కే. వాటి పక్కన, దాచి ఉంచిన అత్తగారి సీరం కలిపిన గొట్టం ఒక్కటీ గుమ్మడిపువ్వులా మెరుస్తోంది. ఎంత అందమైన రంగో.

"మీ అత్తగారి సీరం మిగిలినదాంట్లో జీజీటీ చెయ్యి" అంది డాక్టరమ్మ నెమ్మదిగా. జీజీటీ అంటే కాలేయం గుట్టు చెప్పే పరీక్ష. ఫాస్ఫటేజ్ కాలేయం నుంచి పెరిగితే అది కూడా పెరగాలి. చేస్తే, అది ఉన్నచోటే ఉంది.

"కాలేయం కాదు. ఎముకల నుంచి వస్తోంది. కంగారుపడకు. విటమిన్ తక్కువైనా పెరుగుతుంది, తెలియకుండా ఎముక చిట్లి మానుతున్నా పెరుగుతుంది. ఎదిగే పిల్లలకైతే ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది. రక్తం తలుపు మాత్రమే కొడుతుంది, లోపల ఎవరున్నారో చెప్పదు. ఎక్స్‌రే తీయిద్దాం. ఆవిడకు ఎక్కడైనా నొప్పుందా?"

"ఏం లేదు మేడమ్, గుండ్రాయిలా ఉంటారు" అనబోయి, సూదమ్మ తన కోటు జేబు వైపు చూసుకుంది.

ఆ కోటు అత్తగారు ఈమధ్యే కుట్టినది. జేబు అంచున కుట్టు తిన్నగా లేదు. చీమల బారు దారి తప్పినట్టు వంకర పోయింది. కుట్టిన రోజునే చూసింది. చూపు మందగించిందనుకుని బతిమాలి కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి అద్దాలు పెట్టించింది. అద్దాలు పెట్టాక కూడా కుట్లు వంకరగానే వచ్చాయి. కళ్ళు కాకపోతే మరేది?

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ముందు గదిలో కుట్టు మిషను చప్పుడు వినబడుతోంది. సూదమ్మ లోపలికి పోకుండా గుమ్మం దగ్గరే నిలబడి చెవి పెట్టింది. ఎన్నేళ్ళుగానో వింటున్న చప్పుడు, గుర్రపుబండి సాగినట్టు ఒకే లయ. ఇప్పుడు ఆ గుర్రం కుంటుతోంది. వంగి బల్ల కింద చూసింది. ఎడమ పాదం ఒక్కటే తొక్కుతోంది. కుడికాలు ముక్కాలిపీట మీద చాపి ఉంది, దాని కింద మెత్త కూడా ఉంది.

"అత్తయ్యా, కుడికాలికి సెలవెప్పుడిచ్చారు?"

మిషను ఆగింది. కొలతలమ్మ మెత్తను పీట కిందకు తోయబోయింది గానీ కాలు కదిలించేసరికి నొప్పికి ముఖం ముడుచుకుపోయింది.

"తొక్కీ తొక్కీ పట్టేసింది, అంతే. నడిస్తే సర్దుకుంటుంది."

"సర్దుకుంటుందా?"

"...నడిచినప్పుడు పరవాలేదు. పడుకుంటేనే లోపల ఎవరో బొంగరం తిప్పుతున్నట్టుంటుంది."

"ఎన్నాళ్ళనుంచి?"

"నువ్వు అద్దాలు పెట్టించకముందు నుంచే. పాపం బాగానే కనబడుతోంది ఆ అద్దాలతో, సూదిలో దారం కూడా ఎక్కిస్తున్నా."

"చెప్పొచ్చు కదా అత్తయ్యా!"

"చెబితే ఏం చేస్తావు? కరెంటు మిషను కొనుక్కొస్తావు. అది నా మాట వినదు. నేనాగమంటే ఆగదు, పొమ్మంటే పోదు. అచ్చం మీ ఆయనలా."

సూదమ్మ నవ్వలేదు. పీట పక్కన నేల మీద కూర్చుని ఆ కాలు మీద చెయ్యి వేసింది. మోకాలి పైన, వెనక వైపు, చిన్న గట్టి ఉబ్బు చేతికి తగిలింది. మూడు గొట్టాల సంగతి, నాలుగో గొట్టం సంగతి చెప్పింది. ఎముక అన్న మాట చెప్పింది. ఏవేవి కావచ్చో అన్నీ చెప్పి, చివరిదాన్ని కూడా దాచలేదు.

"క్యాన్సరా?" కొలతలమ్మ అద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఇన్నేళ్ళు ఊరందరికీ కొలబద్దయిన రక్తం నాది. ఆ మాట అనేముందు దాన్ని అడిగావా?"

"అదే చెప్పింది అత్తయ్యా. ఎప్పుడో చెప్పింది. మనిద్దరం కలిసి పాపం కిట్లాయన్ని తిట్టి పంపించాం."

కొలతలమ్మ మిషను మీద సగం కుట్టిన చొక్కా మడతపెట్టి, "సరే, ఫొటో ఎప్పుడు తీయించాలి?" అంది.

ఎక్స్‌రేలో తొడ ఎముక అంచున, మోకాలి పైన, తెల్లటి ముద్ద ఒకటి అతికించినట్టు కనబడింది. ఎముకల డాక్టరు పొడుగాటి మనిషి. దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, స్కానింగు తీయించి, సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. "ముక్క తిరిగొచ్చేదాకా దేనికీ పేరు పెట్టొద్దు" అన్నాడు. ఆ ఫలితం వచ్చేదాకా ఇంట్లో ఎవరికి వాళ్ళు మామూలుగానే ఉన్నట్టు నటించారు. డ్రైవరైతే మామూలుగా ఉండటంలో ఎంత నిమగ్నమైపోయాడంటే, ఒకరోజు ఖాళీ బస్సుతో స్టాపులన్నిట్లో ఆగి, ఎవరినీ ఎక్కించుకోకుండానే డిపోకు చేరాడు.

ఫలితం వచ్చింది. ముగ్గురూ డాక్టరు ఎదుట కూర్చున్నారు.

"ఎముక క్యాన్సరే" అన్నాడు డాక్టరు. డ్రైవరు తల వంచుకున్నాడు. "కానీ మెల్లగా పెరిగే రకం. ఎముక పైపొరను పట్టుకుని కూర్చుంది, ఇంకా లోపలికి దిగలేదు, ఊపిరితిత్తుల్లో కూడా ఏమీ లేదు. పాడైన మేరకు చెక్కి తీసేసి, ఆ చోట వేరే ఎముక ముక్క అతుకుతాం. కాలు నిలుస్తుంది. ఇంకా ఆలస్యం చేసుంటే ఈ మాట చెప్పగలిగేవాణ్ణి కాదు."

కొలతలమ్మ ముందుకు వంగింది. "అతుకు వేస్తారన్నమాట. పాడైన గుడ్డ ఎంత మేరకు కత్తిరిస్తారు? కుట్టుకు అటూ ఇటూ కాస్త మంచి గుడ్డ కూడా కలిపి తీస్తారా?"

డాక్టరు ఆవిడ వైపు కొత్తగా చూశాడు. "తీస్తాం. అసలు కిటుకంతా అక్కడే ఉంది."

"అయితే మీకు పని వచ్చు. ఈ కాలితో మిషను తొక్కగలనా?"

"కొన్నాళ్ళాగితే తొక్కొచ్చు. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. రక్తంలో కనబడటం మీ అదృష్టం. ఈ రకం చాలామందికి రక్తంలో ఏమీ చూపించదు. నొప్పి మాత్రం ముందే చెబుతుంది. పడుకున్నా వదలని నొప్పి వచ్చినప్పుడు మిషను మీద తోసెయ్యకూడదు."

ఎవరి మాటకూ తల వంచని కొలతలమ్మ ఆ మాటకు వంచింది. మళ్ళీ వెంటనే ఎత్తి, "ఇక పెట్టండి కత్తెర" అంది.

ఆపరేషను బాగా జరిగింది. చెక్కి తీసిన ముద్ద చుట్టూ మంచి ఎముకే ఉందని, క్యాన్సరు అంచు దాటలేదని పరీక్షలో తేలింది. ఆసుపత్రికి చూడటానికి వచ్చినవాళ్ళలో కిట్లాయన కూడా ఉన్నాడు. సూదమ్మ లేచి నిలబడి, "మిమ్మల్ని ఊరికే మాటలన్నాం, మన్నించండి" అంది.

"అయితే నా డబ్బా మంచిదేనన్నమాట!" అని ముఖం చాటంత చేసుకుని, మంచం మీద మనిషిని చూసి నాలుక కరుచుకున్నాడాయన. "అంటే... ఆ ఉద్దేశంతో కాదమ్మా..."

"పరవాలేదులే, సంతోషించు. చొక్కా విప్పు."

"ఇక్కడా?"

"కాలరు తిప్పి కుడతాను. కాలికి కట్టు కట్టారు గానీ చేతులకు కట్టలేదు కదా."

ఆ ఆసుపత్రి గదిలో కిట్లాయన సంచీ గుండెలకు అడ్డం పెట్టుకుని కూర్చుంటే, కొలతలమ్మ చేతిసూదితో కాలరు తిప్పి కుట్టింది. ఆ కుట్టు తీగ లాగినట్టు తిన్నగా ఉంది. సూదమ్మ ఆ కుట్టునే చూస్తూ కళ్ళు తుడుచుకుంది.

తర్వాత వచ్చింది అసలు గడ్డుకాలం. ఆపరేషనయ్యాక ఫాస్ఫటేజ్ దిగుతుందని ఎదురుచూస్తే, అది ఇంకా పైకెక్కింది. గొట్టం చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చిన సూదమ్మను డాక్టరమ్మ కూర్చోబెట్టింది. "అతుకు వేసిన ఎముక అల్లుకుంటోంది. కొత్త ఎముక పుట్టే చోట ఇది పెరిగి తీరాలి. స్కానింగు శుభ్రంగా ఉంది. ఎముక మానాక దిగాలి. దిగుతుందో లేదో చూస్తూ ఉందాం."

ఇంట్లో ఈ మాట చెబితే కొలతలమ్మ కర్ర మీద ఆనుకుని నిటారుగా నిలబడింది. "ఎదిగే పిల్లలకు కూడా ఇలాగే ఉంటుందన్నావు కదే? ఇంకా ఎదుగుతున్నానన్నమాట. గుమ్మాలు ఎత్తు చేయించండ్రా."

కానీ ఎదిగే రక్తం కొలబద్దకు పనికిరాదు. ఆ ఉద్యోగం కొడుకు నెత్తిన పడింది. కొత్త డబ్బా విప్పిన ప్రతిసారీ డ్రైవరు కుర్చీలో వాలి కళ్ళు మూసుకుంటే, తల్లి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, "పిడికిలి గట్టిగా పట్టరా, స్టీరింగనుకో" అని అదిలించేది. ఆవిడ తన రక్తం కూడా ఇచ్చేది గానీ దాన్ని పక్కన పెట్టి విడిగా చూసేవారు. అది ఆవిడకు మహా చిన్నతనంగా ఉండేది.

రంగు మెల్లమెల్లగా పలచబడుతూ వచ్చింది. కర్ర మూలకు చేరింది. కుడి పాదం మిషను మీద ముందు ఊరికే ఆనింది, తర్వాత ఎడమదానికి తోడు వెళ్ళింది, ఆ తర్వాత పెత్తనం తీసుకుంది. ఒకరోజు కొత్త డబ్బా వచ్చింది. కొలతలమ్మ తల నున్నగా దువ్వుకుని, ఇస్త్రీ బట్టలతో, కర్ర లేకుండా ల్యాబు మెట్లెక్కింది.

సూదమ్మ రక్తం తీసింది, కలిపింది. నిమ్మతొక్క. మిషను ఎనభైకి రెండు మూడు అటుగా చూపించింది.

సూదమ్మ దాన్ని అలాగే చూస్తూ నిలబడింది. తర్వాత ఇంకో గొట్టం అందుకుని మళ్ళీ కలపసాగింది.

"ఏమే, మళ్ళీ ఎందుకు?"

"ఏం లేదత్తయ్యా. డబ్బా సరిగ్గా ఉందో లేదోనని..."

"బాగుంది వరస! అప్పుడు ఎక్కువొస్తే డబ్బా చెడిపోయిందన్నావు. ఇప్పుడు నా అంకె నాకొస్తే కూడా డబ్బానే అనుమానిస్తావు. ఆ కిట్లాయన ఏ జన్మలో ఏం చేశాడో!"

పక్క గదిలో డాక్టరమ్మ పెద్దగా నవ్వడం వినబడింది. సూదమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే రెండో గొట్టం మిషనులో పెట్టింది. అదే నిమ్మతొక్క, అదే అంకె.

"ఇప్పటికైనా నమ్మకం కుదిరిందా?"

"ఇంకొక్కరిది కూడా వేసి చూస్తే..."

కొలతలమ్మ తల తిప్పి వీధిలోకి చూసింది. డ్యూటీ దిగిన డ్రైవరు ల్యాబు మెట్ల దగ్గర తల్లి కోసం నిలబడి ఉన్నాడు. ఇద్దరాడవాళ్ళూ ఒకేసారి తన వైపు చూడటం గమనించి, మెల్లగా రెండు మెట్లు వెనక్కి దిగాడు.

"ఎక్కడికిరా?" అంటూ కొలతలమ్మ కుర్చీలోంచి లేచింది. ఆ లేవడంలో ఏ కాలు ముందు మోపిందో చూసుకోలేదు. సూదమ్మ చూసింది. కుడిది.